గుడారం ఇంటికొచ్చాక



కార్తీకం వచ్చిందంటే మనవాళ్ల మనసు కొండల మీదికి పోతుంది. చింతపల్లి పక్కన లంబసింగి, పాడేరు పైన వంజంగి, పెన్న లోయ అంచున గండికోట, వికారాబాదు దగ్గర అనంతగిరి. సంక్రాంతి దాటేదాకా శనివారం సాయంత్రాలు ఈ దారులు ఖాళీగా ఉండవు. ఒకప్పుడు అక్కడ రాత్రి గడపాలంటే అతిథి గృహమో, తెలిసినవాళ్ల ఇల్లో ఉండాల్సిందే. ఇప్పుడు చాలామంది సొంత టెంటు, స్లీపింగ్ బ్యాగు, చిన్న గ్యాస్ స్టౌ వెంట తీసుకుపోతున్నారు. ఆరుబయట పడుకుని పొద్దుపొడుపు చూడాలన్న కోరిక మంచిదే. ఆ కోరిక తీర్చే సామాను గురించి ఈ కాసేపు మాట్లాడతాను.

సామాను ఎలా వాడాలో దుకాణంలో కొంత చెబుతారు. ఎలా దాచాలో చెప్పేవాళ్లు తక్కువ. కొండలెక్కే కుర్రవాళ్ల బృందం ఒకదానికి సామాను గది చూసుకునే పని నాది. ఏళ్ల తరబడి ఆ గదిలోకి వచ్చే టెంట్లనూ, పనికిరాకుండా బయటికి పోయే టెంట్లనూ చూస్తున్నాను. అందుకే ఒక మాట గట్టిగా చెప్పగలను. గుడారం కొండ మీద చెడిపోవడం తక్కువ, ఇంట్లో చెడిపోవడం ఎక్కువ. గాలివానకు చిరిగినవాటికన్నా అటక మీద పాడైనవే నేను ఎక్కువగా చూశాను.

ఎందుకలా జరుగుతుందో చూద్దాం. ఇప్పటి టెంటు బట్ట నైలానుతోనో పాలిస్టరుతోనో నేసింది. ఉత్త బట్ట వానను ఆపలేదు. ఆపేది దాని లోపలి వైపు వేసిన పలుచని పూత. మన దుకాణాల్లో దొరికే ఎక్కువ టెంట్లకు ఆ పూత పాలీయూరిథేన్‌ది. ఈ పదార్థం చాలా మంచిది, చవక కూడా. కానీ తడి, వేడి రెండూ కలిసి చాలాకాలం తగిలితే దానికి పడదు. నీరు ఆ పూతలోని అణువుల గొలుసులను కొద్దికొద్దిగా తెంపుతుంది. రసాయన శాస్త్రంలో దీన్ని జలవిశ్లేషణ అంటారు. మొదట సంచి విప్పగానే ఒక పుల్లటి, ముక్క వాసన వస్తుంది. తర్వాత బట్ట మడతలు ఒకదానికొకటి అంటుకుంటాయి, చేతికి జిగురుగా తగులుతుంది. ఆ తర్వాత పూత పొరలు పొరలుగా రాలుతుంది. ఇంత జరిగాక దాన్ని వెనక్కి తిప్పే మందేదీ లేదు. పైన ఎన్ని స్ప్రేలు కొట్టినా ఆ టెంటు మళ్లీ వానకు నిలవదు.

ఇప్పుడు మన ఊళ్లు తలుచుకోండి. కాకినాడలో, మచిలీపట్నంలో, విశాఖలో గాలిలో తేమకు కొదవ లేదు. ఇటు కరీంనగర్‌లోనో కర్నూలులోనో తేమ తక్కువైనా, వైశాఖ మాసపు ఎండకు స్లాబు కింద సజ్జ ఎంత వేడెక్కుతుందో మీకు తెలుసు. అటువంటి సజ్జ మీద ఓ తడి టెంటును బిగించి చుట్టి పెడితే, ఆ పూతను చెరపడానికి కావలసినవన్నీ మనమే సమకూర్చినట్టు. చలిదేశాల్లో తయారైన టెంటు అక్కడ ఎన్నేళ్లు మన్నుతుందో చూసి, ఇక్కడా అన్నేళ్లు మన్నుతుందనుకోకూడదు. దాచడంలో వాళ్లకన్నా మనమే ఎక్కువ జాగ్రత్తపడాలి.

"మేం వెళ్లినప్పుడు వానే పడలేదండీ, టెంటు పొడిగానే ఉంది" అని నాకు సామాను తిరిగి ఇచ్చేవాళ్లు తరచూ అంటారు. వాన పడకపోయినా టెంటు తడుస్తుంది. పైన మంచు కురుస్తుంది, కింద నేల చెమ్మ ఎక్కుతుంది. లోపల పడుకున్న మనిషి ఊపిరి ద్వారా, చర్మం ద్వారా ఒక్క రాత్రిలో సుమారు పావు లీటరు నీటిని ఆవిరిగా వదులుతాడు. ముగ్గురు పడుకుంటే ఎంతవుతుందో లెక్క వేసుకోండి. ఆ ఆవిరి చల్లబడిన పైబట్టకు తగిలి చుక్కలు కడుతుంది. పొద్దున్నే హడావుడిగా చుట్టి సంచిలో దూర్చేటప్పుడు ఆ నీరంతా టెంటుతో పాటే ఇంటికొస్తుంది.

కాబట్టి ఇల్లు చేరిన రోజే, మీరు స్నానం చేయకముందే అనుకోండి, టెంటు సంచి విప్పాలి. మేడ ఉంటే మేడ మీద, అపార్టుమెంటైతే బాల్కనీ దండెం మీద, అదీ లేకపోతే హాల్లో రెండు కుర్చీల మధ్య పరిచి ఫ్యాను వేయండి. ఎండలో కాదు, నీడలో. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు నైలాను దారాన్ని పెళుసుబారుస్తాయి. టెంటుకు ఎండ శత్రువే. క్యాంపులో కూడా పగలంతా వాడకుండా నిలబెట్టి వదిలేసే టెంటు, రాత్రిళ్లు మాత్రమే వేసిన టెంటుకన్నా తొందరగా ముసలిదవుతుంది. కుట్లు, మూలలు, జిప్పు పట్టీలు చివరగా ఆరతాయి. అక్కడ చెయ్యి పెట్టి చూసి, చల్లగా తగలకపోతేనే చుట్టండి.

మురికి ఉంటే? వాషింగ్ మెషీన్‌లో మాత్రం వేయకండి. ఆ తిప్పుడుకు పూత, కుట్ల మీది టేపు రెండూ ఊడతాయి. బట్టల సబ్బుపొడి, బ్లీచింగ్ వద్దు. గోరువెచ్చని నీళ్లలో కాస్త మెత్తని సబ్బు కలిపి, స్పాంజితో మురికి ఉన్నచోట మాత్రమే తుడిచి, మంచి నీళ్లతో కడిగితే చాలు. సముద్రపు ఒడ్డున వేసిన టెంటును మాత్రం మొత్తంగా మంచినీళ్లతో తడిపి ఉప్పు వదిలించాలి. ఉప్పు అల్యూమినియం కడ్డీలను తినేస్తుంది, జిప్పు బిర్రబిగుసుకుపోతుంది. బూజు పట్టి ఉంటే అదే సబ్బునీళ్లతో తుడిచి బాగా ఆరబెడితే బూజు ఆగుతుంది. నల్ల మచ్చలు మాత్రం పోవు. మచ్చలతోనూ టెంటు పనిచేస్తుంది, దిగులుపడొద్దు.

ఆరాక ఎలా మడవాలి? మన అమ్మమ్మలు పట్టుచీరను ఏడాదికోసారి బయటికి తీసి, గాలికి ఆరేసి, మడత మార్చి పెట్టేవాళ్లు. ఎప్పుడూ ఒకే మడత మీద ఉంటే జరీ అక్కడే తెగుతుందని వాళ్లకు తెలుసు. టెంటు పూత కూడా అంతే, ఒకే మడత మీద ఏళ్ల తరబడి ఉంటే ఆ గీత వెంటే పగులుతుంది. కాబట్టి ప్రతిసారీ మడత మార్చండి. దానితో వచ్చిన బిగుతు సంచి ప్రయాణానికే. ఇంట్లో దాచడానికి పాత నూలు చీరతో కుట్టిన సంచో, పెద్ద దిండు గలీబో మేలు. గాలి ఆడుతుంది. పెట్టే చోటు బీరువా అడుగు అరైనా సరే, మంచం కిందైనా సరే. స్లాబుకు ఆనుకున్న సజ్జ వద్దు, కారు డిక్కీ అసలే వద్దు. సంచిలో పెట్టేముందు జేబులన్నీ దులపండి. ఒక్క బిస్కట్ ముక్క మిగిలినా ఎలుక దాని కోసం టెంటును కొరుకుతుంది.

ఇక వాడకం. టెంటు కొనేటప్పుడు పెట్టె మీద 1500 మిల్లీమీటర్లని, 3000 మిల్లీమీటర్లని ఒక అంకె చూస్తారు. అది వాన అంకె కాదు. బట్ట మీద గొట్టం నిలబెట్టి నీళ్లు పోస్తూ పోతే, ఎంత ఎత్తు నీరు నిలిచేదాకా బట్టలోంచి చుక్క దిగకుండా ఉంటుందో ఆ ఎత్తు. పైకప్పుకు 1500 ఉన్నా మామూలు వానకు సరిపోతుంది. అడుగుబట్టకు మాత్రం ఎక్కువ కావాలి. మోకాలు ఆనించినా, మోచేయి ఆనించినా మన బరువంతా ఆ చిన్నచోటే పడి కింది తడిని పైకి నొక్కుతుంది.

వేసే ముందు చోటు చూడండి. పల్లం వద్దు, వాగు ఒడ్డు వద్దు, ఎండిన కొమ్మలున్న చెట్టు కింద వద్దు. నేల మీది రాళ్లు, ముళ్లు, కందికొయ్యలు చేత్తో తడిమి ఏరేయండి. టెంటు కింద అదనంగా ఒక పట్టా పరిస్తే అడుగుబట్ట మన్నుతుంది. కానీ ఆ పట్టా టెంటు అడుగుకన్నా అంగుళమో రెండంగుళాలో చిన్నదిగా ఉండాలి. బయటికి తొంగిచూస్తే పైనుంచి జారిన వాననీటిని పట్టుకుని టెంటు కిందికే తెస్తుంది. అప్పుడు టెంటు కారిందని జనం అనుకుంటారు, నిజానికి తప్పు పట్టాది.

టెంటు కారుతోందన్న ఫిర్యాదుల్లో చాలావరకు కారడం కాదు, ఇందాక చెప్పిన ఊపిరి చెమ్మే. చలికి భయపడి కిటికీలు, గాలి రంధ్రాలు అన్నీ బిగించి పడుకుంటారు. తెల్లారేసరికి పైనుంచి చుక్కలు రాలుతాయి. రెండు పొరల టెంటులో లోపలి పొర జాలీబట్ట, బయటి పొర పూతబట్ట. ఈ రెంటి మధ్యా గాలి ఆడాలనే అలా చేశారు. బయటి పొరను తాళ్లతో దూరంగా లాగి కట్టండి, పైన గాలి రంధ్రం తెరిచే ఉంచండి. చలి కాస్త పెరిగినట్టనిపించినా పొడిగా పడుకుంటారు. తడిసిన పక్కలో చలి అంతకు రెట్టింపు బాధిస్తుంది.

గూటాలు దిగ్గొట్టేటప్పుడు వాటి తల టెంటుకు ఎడంగా వాలి ఉండాలి, తాడు లాగే దిక్కుకు ఎదురు. గండికోటలో ఈ గొడవే లేదు, అక్కడంతా బండ, గూటం దిగదు. అలాంటిచోట తాడు చివర బరువైన రాయికి కట్టి, ఆ రాయి మీద ఇంకో రాయి పెట్టాలి. సూర్యలంక వంటి ఇసుక తీరంలో గూటం దిగుతుంది కానీ నిలవదు. గుడ్డసంచిలో ఇసుక నింపి, తాడు దానికి కట్టి, మూరెడు లోతున పాతిపెడితే గాలికి కదలదు. లోయ అంచున గాలి ఒక్కసారిగా లేస్తుంది. సామాను లోపల పెట్టకుండా ఖాళీ టెంటును వదిలి నడకకు పోతే అది లోయలో తేలుతుంది.

కడ్డీల గురించి ఒక్క మాట. అవి ముక్కలు ముక్కలుగా ఉండి, లోపల సాగే తాడు ఉంటుంది. గాల్లో విసిరితే వాటంతట అవే టకటకా కలుసుకోవడం పిల్లలకు సరదా. అలా కలిసినప్పుడు అంచులు సొట్టపోతాయి, చీలతాయి. ఒక్కొక్క ముక్క చేత్తో పూర్తిగా దూర్చండి. బట్టగొట్టంలోంచి తీసేటప్పుడు లాగొద్దు, నెట్టండి. మడిచేటప్పుడు చివర నుంచి కాకుండా మధ్య నుంచి మొదలుపెడితే లోపలి తాడు సమానంగా సాగుతుంది. జిప్పు జారకపోతే బలవంతం చేయకండి, ఇసుక ఇరుక్కుందని అర్థం. పాత టూత్‌బ్రష్‌తో, మంచినీళ్లతో తోమండి. పళ్లు కలవకపోతే అరిగింది పళ్లు కాదు, వాటిని కలిపే స్లైడరు. చిన్న పటకారుతో దాన్ని రెండు వైపులా కొంచెం, చాలా కొంచెం నొక్కితే ఇంకొన్నాళ్లు పనిచేస్తుంది.

స్లీపింగ్ బ్యాగు విషయంలో ఒక అపోహ ఉంది. అది వెచ్చదనం ఇస్తుందనుకుంటారు. ఇవ్వదు. మన ఒంటి వేడిని పోనివ్వకుండా పట్టి ఉంచుతుంది, అంతే. పట్టి ఉంచేది దానిలోని ఈకల మధ్యో, పీచు మధ్యో నిలిచిన గాలి. అందుకే దాన్ని నెలల తరబడి బిగించి చుట్టి పెడితే ఆ ఈక, ఆ పీచు చితికి, మళ్లీ ఉబ్బే శక్తి పోతుంది. ఇంట్లో వేలాడదీయండి, లేదా వదులు సంచిలో పెట్టండి. లోపల పలుచని నూలు దుప్పటి పరిచి పడుకుంటే చెమట, జిడ్డు దానికే అంటుతాయి. బ్యాగును తరచూ ఉతకాల్సిన పనుండదు. ఈకల బ్యాగు తడిస్తే ముద్దకట్టి పనిచేయదు. పీచు బ్యాగు తడిసినా కొంత కాపాడుతుంది. మన చెమ్మ ప్రాంతాలకు, లంబసింగి చలికి పీచు బ్యాగే చాలు, ఖర్చూ తక్కువ.

బ్యాగు మీద వేసే ఉష్ణోగ్రత అంకెల్లో అన్నిటికన్నా కిందిది చూసి కొనకండి. సౌకర్యంగా నిద్రపట్టే హద్దు వేరు, ప్రాణం మాత్రం నిలిచే హద్దు వేరు. కొన్ని చవక బ్యాగుల మీద రెండోదే పెద్ద అక్షరాల్లో వేస్తారు. సౌకర్యపు అంకె ఏదని అడిగి తీసుకోండి. దానికి తోడు కింద మ్యాటు తప్పనిసరి. మన బరువుకు బ్యాగు అడుగుభాగం నలిగి, అందులోని గాలి పోతుంది. ఇక ఆ వైపు నుంచి నేల మన వేడిని లాగేస్తుంది. మంచి బ్యాగు కొని మ్యాటు మానేసినవాళ్లు వణుకుతారు. మామూలు బ్యాగు కింద ఫోమ్ మ్యాటు వేసుకున్నవాళ్లు నిద్రపోతారు. డబ్బు తక్కువుంటే ముందు మ్యాటు కొనండి.

ఇప్పుడు స్టౌ దగ్గరికి వద్దాం. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

1892లో స్వీడన్‌లో లింద్‌క్విస్ట్ అనే ఆయన ప్రైమస్ అనే కిరసనాయిలు స్టౌ తయారుచేశాడు. పంపు కొడితే ఒత్తిడికి కిరసనాయిలు ఆవిరై నీలిమంటతో మండుతుంది. మన వంటిళ్లలో గ్యాసు రాకముందు హోరుమని మోగిన పంపు స్టౌలు ఆ వంశానివే. పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది, మంట ఎర్రబడితే పిన్ను పెట్టి పొడవడం, పంపులోని తోలు వాషరు ఎండిపోతే నూనె చుక్క వేసి మళ్లీ మెత్తబరచడం. అలాంటి తోలు వాషరు ఎంత పని చేస్తుందో దక్షిణ ధ్రువం చెప్పింది. అన్వేషకుడు రాబర్ట్ స్కాట్ బృందం 1912 జనవరి 17న ధ్రువం చేరింది. అంతకు ముందే, 1911 డిసెంబరు 14న, నార్వే దేశస్థుడు ఆముండ్‌సెన్ అక్కడికి చేరాడు. తిరుగు ప్రయాణంలో స్కాట్ బృందం దారిలో దాచుకున్న కిరసనాయిలు డబ్బాలు విప్పి చూస్తే ఉండాల్సినంత నూనె లేదు. మూతల కింది తోలు వాషర్లు ఆ చలికి పాడై, నూనె ఆవిరై పోయింది. ఆముండ్‌సెన్ తన డబ్బాల మూతలకు ముందే టంకం వేయించుకున్నాడు. స్కాట్ మరణానికి చలి, ఆకలి, అలసట, వాతావరణం, ఇలా ఎన్నో కారణాలు కలిశాయి, నూనె కొరత ఒక్కటే కాదు. అయినా మంచు కరిగించి తాగే నీళ్లకు కూడా నూనే ఆధారమైనచోట, ఒక తోలుముక్క విలువ తక్కువేమీ కాదు. 1912 నవంబరు 12న వెతకడానికి వెళ్లినవాళ్లకు స్కాట్ బృందపు చివరి గుడారం మంచులో కూరుకుపోయి, ఇంకా నిలబడే కనిపించింది. లోపల స్కాట్, ఆయనతో మిగిలిన ఇద్దరూ చనిపోయి ఉన్నారు. వాళ్ల తర్వాతి పెద్ద నిల్వ అక్కడికి సుమారు 20 కిలోమీటర్ల దూరంలోనే ఉంది.

మన ప్రయాణాలకు అంత ప్రమాదం లేదు. కానీ స్టౌ వాషరును, రబ్బరు రింగును బయల్దేరే ముందురోజు చూడటం అనే అలవాటు ఇక్కడి నుంచే నేర్చుకోవాలి. రబ్బరు రింగు పగుళ్లు బారితే మార్చండి. గ్యాస్ డబ్బా బిగించాక అతుకు మీద సబ్బునురగ రాయండి. బుడగలు లేస్తే ఆ స్టౌ వెలిగించొద్దు. పొడవాటి డబ్బా పక్కన పెట్టే చదును స్టౌ మీద పెద్ద పెనం, వెడల్పాటి గిన్నె పెట్టకండి. వేడి తిరిగి డబ్బా మీదికే పోతుంది. ఖాళీ అయిన డబ్బాను చలిమంటలో పారేయడం మరీ ఘోరం, అది పేలుతుంది.

లంబసింగిలో తెల్లవారుజామున చాయ్ పెట్టబోతే మంట సన్నగా ఊగడం, ఆరిపోవడం కొందరికి అనుభవమే. గ్యాసు అయిపోయిందనుకుని డబ్బా పారేస్తారు. అయిపోలేదు. దుకాణాల్లో దొరికే చవక డబ్బాల్లో ఉండేది బ్యూటేన్. అది సున్నా డిగ్రీలకు కాస్త దిగువనే, మైనస్ అర డిగ్రీ దగ్గర మరుగుతుంది. చలి సున్నా వైపు దిగేకొద్దీ ఆవిరి తగ్గుతుంది. పైగా గ్యాసు బయటికి పోతున్నకొద్దీ డబ్బా ఇంకా చల్లబడుతుంది. రాత్రి దాన్ని స్లీపింగ్ బ్యాగులో కాళ్ల దగ్గర పెట్టుకోండి, లేదా వెలిగించేముందు కాసేపు కోటు లోపల ఉంచుకోండి. మంట దగ్గర వేడి చేయడం మాత్రం వద్దే వద్దు. ప్రొపేన్ కలిసిన డబ్బా దొరికితే చలికి అదే మంచిది. ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల దాకా ఆవిరవుతుంది.

స్టౌ గురించి చివరిగా చెప్పేది అన్నిటికన్నా ముఖ్యం. టెంటు లోపల స్టౌ వెలిగించకండి. చలి ఎక్కువగా ఉందని నిప్పుల కుంపటి, బొగ్గుల పళ్లెం లోపల పెట్టుకుని పడుకోకండి. మూసిన చోట నిప్పు సరిగా మండక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, మత్తు వచ్చి, నిద్రలోనే ప్రాణం పోతుంది. నిద్రపోతున్నవాడికి తాను పోతున్నట్టు తెలియదు. ఇది వింటున్నవాళ్లు, మీ ఇంట్లో కుర్రవాళ్లు క్యాంపుకు పోతామంటే ఈ ఒక్కమాటా చెప్పి పంపండి. మిగతావి మరిచినా పర్వాలేదు.

బూట్ల సంగతి. 1953 మే 29 తెల్లవారుజామున, ఎవరెస్టు మీద ఆఖరి క్యాంపులో హిల్లరీ లేచేసరికి, టెంటు బయట పెట్టిన ఆయన బూట్లు గడ్డకట్టి ఉన్నాయి. స్టౌ వెలిగించి వాటిని మెత్తబరచడానికి రెండు గంటలు పట్టింది. ఆ తర్వాతే ఆయనా, తోటి ఆరోహకుడు టెన్జింగూ శిఖరానికి బయల్దేరారు. మన కొండల మీద బూట్లు గడ్డకట్టవు, కానీ వాటిలోకి తేలు దూరుతుంది, మంచుకు తడుస్తాయి. టెంటు లోపలే, జిప్పు వేసిన అరుగు భాగంలో పెట్టుకోండి. పొద్దున తొడిగేముందు దులపండి. తడిసిన బూట్లను నిప్పు పక్కన పెడితే జిగురు వదులుతుంది, తోలు పగులుతుంది. లోపల పాత న్యూస్‌పేపర్లు కుక్కి, అవి తడిసినప్పుడల్లా మారుస్తూ నీడలో ఆరబెట్టండి.

పెట్టెలో భద్రంగా దాచిన కొత్త బూట్లు నాలుగేళ్ల తర్వాత తొడిగి నడిస్తే అడుగు ఊడి చేతికి రావడం చాలామంది చూసి ఉంటారు. కంపెనీ మోసమని తిడతారు. చాలా బూట్ల అడుగు మధ్యపొర కూడా పాలీయూరిథేనే. టెంటు పూతకు పట్టిన జలవిశ్లేషణే దానికీ పడుతుంది. వాడకుండా దాచినంత మాత్రాన ఆగదు. కాబట్టి బూట్లు కొన్నాక తొడిగి తిరగండి. ముఖ్యమైన ప్రయాణానికి పాత బూట్లతో పోవాలనుకుంటే, వారం ముందు ఊరిలోనే కొన్ని కిలోమీటర్లు నడిచి చూసుకోండి.

మిగతా చిన్న సామానుకు పెద్ద నియమాలు లేవు. హెడ్‌ల్యాంపులో బ్యాటరీలు తీసి విడిగా దాచండి, లేకపోతే అవి కారి లోపలి రేకును తింటాయి. నీళ్ల సంచి, గొట్టం పూర్తిగా ఆరాకే మూయండి. వీపుసంచి పట్టీల మీద చెమట ఉప్పు తెల్లగా కడితే చేత్తో ఉతకండి. బరువు భుజాల మీద కాదు, నడుముపట్టీ మీద పడేలా బిగించుకోండి. రైల్లో గ్యాస్ డబ్బాలు, కిరసనాయిలు తీసుకుపోవడం నిషేధం. విమానంలోనూ గ్యాస్ డబ్బా కుదరదు. పవర్‌బ్యాంకు చేతిసంచిలోనే ఉండాలి. గ్యాసును మీరు చేరిన ఊళ్లోనే కొనుక్కోండి. నల్లమల వంటి పులుల అభయారణ్యాల్లో అటవీశాఖ అనుమతి లేకుండా టెంటు వేయకూడదు, ఎక్కడైనా ఎండుటాకుల మధ్య మంట పెట్టకూడదు. నిప్పురవ్వ ఒకటి ఎగిరి నైలాను మీద పడ్డా చిల్లే.

చిల్లు పడితే పారేయకండి. ప్రతి సామాను సంచిలోనూ సూది, గట్టిదారం, అంటించే అతుకుబట్ట, ఒక చిన్న అల్యూమినియం గొట్టం ఉండాలి. విరిగిన కడ్డీ మీద ఆ గొట్టం తొడిగి టేపు చుడితే ఇంటిదాకా లాక్కురావచ్చు. కుట్ల వెంట కారుతుంటే సీలెంటు రాయాలి. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. సిలికాన్ పూతబట్టకు సిలికాన్ సీలెంటే అంటుతుంది, పాలీయూరిథేన్ పూతకు పాలీయూరిథేన్‌ది. కొనేటప్పుడు మీ టెంటు బట్ట ఏదో చెప్పి కొనండి. జిప్పులు మార్చడం, పట్టీలు కుట్టడం మన ఊళ్లలో సంచులు బాగుచేసేవాళ్లకు బాగా తెలుసు. బజారు మూలన కుట్టుమిషన్ పెట్టుకుని కూర్చున్న ఆ పనివాళ్లు నా చేతికొచ్చిన ఎన్నో వీపుసంచులకు ప్రాణం పోశారు. కొత్తది కొనే ముందు ఒకసారి వాళ్ల దగ్గరికి తీసుకువెళ్లండి.

నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామం నుంచి వచ్చిన మాలావత్ పూర్ణ, సంక్షేమ గురుకుల పాఠశాల విద్యార్థినిగా, 14 ఏళ్లు నిండకముందే 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. ఆమె ముందు భువనగిరి బండ మీద ఎక్కడం నేర్చుకుంది. ఆమెలాగే కొండలెక్కాలని ఉన్నా సామాను కొనలేని పిల్లలు మన ప్రభుత్వ బడుల్లో, స్కౌట్ దళాల్లో, ఎన్‌సీసీ జట్లలో ఎంతోమంది ఉన్నారు. ఏడాదికోసారి బయటికి తీసే టెంటు మీ ఇంట్లో ఉంటే, ఈ ఆదివారం దాన్ని విప్పి నీడలో పరచండి. వాసన, జిగురు ఉంటే దాన్ని ఇక కొండకు తీసుకుపోవద్దు. బాగుంటే, మీకు అవసరం లేనప్పుడు దగ్గరి బడి పిల్లలకు ఎరువివ్వండి. ఇచ్చేటప్పుడు ఆరబెట్టి తిరిగివ్వాలని వాళ్లకు చెప్పండి, ఎలా ఆరబెట్టాలో ఒకసారి చేసి చూపించండి.